గంటకి ఇరవై ఆరు నలభై

మౌంట్ రాస్కిల్, ఆక్లండ్
4 మార్చి 2007, ఆదివారం

ఆశీర్వాదం బావగారికి, నాగమణి అక్కకి, తమ్ముడు ఏసురాజు, మరదలు శిరోమణి చేతులు జోడించి చెప్పే వందనాలు.

బావగారూ, ముందు కూర్చోండి. మీరు ఉత్తరాలు నిలబడే చదువుతారని అక్క చెప్పింది. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు. మా అబ్బాయి ఎలియాస్‌కి వర్క్ పర్మిట్ వచ్చింది. మీ క్రైస్ట్‌చర్చ్‌లో, మీ అబ్బాయి కరుణాకర్ పనిచేసే డిపోలోనే, రైల్వే సిగ్నళ్ల రిపేరు పని. గూడూరులో కాంట్రాక్టరు కింద ఎండలో మాడినవాడు, ఇప్పుడు కంపెనీ పిలిస్తే విమానంలో వస్తున్నాడు. కరుణాకర్ ఒక మాట వేశాడు కాబట్టే ఇది జరిగింది. వాడి తల్లిగా మా అక్కకి, తండ్రిగా మీకు నేను ఏమిచ్చుకోగలను.

కంపెనీ వాళ్ల కాగితం మా అమ్మాయి షీనా నాకు మూడుసార్లు తెలుగులో చదివి వినిపించింది. మూడోసారి అది ఆస్పత్రి డ్యూటీకి పోయే తొందరలో ఉంది, అయినా వదల్లేదు నేను. జీతం గంటకి ఇరవై ఆరు డాలర్ల నలభై సెంట్లు. ఈ పనికి ఈ దేశంవాడికి ఎంత ఇస్తారో పర్మిట్ మీద వచ్చినవాడికీ అంతకి తగ్గకుండా ఇవ్వాలట. చవగ్గా దొరుకుతాడని బయటివాణ్ణి తెచ్చుకోకూడదట. తగ్గిస్తే పర్మిట్ నిలవదట. ఎంత ధర్మమైన రూలో చూడండి. బిట్రగుంటలో నేను ముప్పై నాలుగేళ్లు సిగ్నల్ స్తంభాలెక్కాను. నా కోసం ఇలాంటి రూలు ఎవరన్నా రాస్తారని కలలో కూడా అనుకోలేదు.

వీధి చివర డెయిరీ కొట్టులో రొట్టెలమ్మే గుజరాతీ ఆయనకి ఆ కాగితం చూపించాను. చర్చిలో పాస్టరు గారికి చూపించాను. బస్సు డ్రైవరుకి చూపించబోతే శిరోమణి చెయ్యి పట్టుకు లాగింది. "మనిషికి సంతోషం వస్తే మొహంలో కనపడితే చాలు, కాగితం అక్కర్లేదు" అంది. ఆవిడకేం తెలుసు.

పిల్లవాడు గదిలో ఎక్కడ పడుకుంటాడో, ఏం తింటాడో నాకు బెంగ లేదు, అక్క ఉంది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, రాతలో ఉన్నదే మాట అని మీరెప్పుడూ అంటారు. అందుకే రాశాను.

సంతోషంతో అక్షరాలు వంకరపోయిన
ఏసురాజు

*

క్రైస్ట్‌చర్చ్
15 మార్చి 2007

బావమరిది ఏసురాజుకి ఆశీర్వాదం రాయునది.

4వ తేదీ నాటి నీ ఉత్తరం 8న అందింది. నిలబడే చదివాను.

నీ కొడుకు క్షేమంగా చేరాడు. మీ అక్క చేపల పులుసు చేస్తే మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆకలి బాగుంది. కరుణాకర్ గదిలోనే వాడికీ ఒక మంచం వేశాము. కిటికీ వైపు మంచం కరుణాకర్‌ది, కానీ నీ కొడుక్కి గాలాడకపోతే నిద్ర పట్టదట, అందుచేత ఇప్పుడు కరుణాకర్ గోడ వైపు పడుకుంటున్నాడు. పనిలో కూడా ఇక్కడి రిలేలూ, పట్టాలు మార్చే పాయింట్ మోటార్లూ మావాడే దగ్గరుండి చూపిస్తున్నాడు. పర్మిట్ కాగితంలో ఆ సంగతి రాసి ఉండదనుకుంటాను.

ఇరవై ఆరు నలభై అని రాశావు. నీ కళ్లజోడు మార్చి ఎన్నాళ్లయింది? షీనా చేత ఇంకొకసారి చదివించి రాయి. పద్దెనిమిది నలభై అయి ఉండవచ్చు. కొత్తగా వచ్చినవాడికి అది తక్కువేమీ కాదు.

కరుణాకర్ జీతం ఎంతని నేను ఏనాడూ అడగలేదు. నీ ఉత్తరం చదివాక అడిగాను. ఎంతో నీకు రాయవలసిన పని లేదు. నాలుగేళ్ల నుంచి ఉన్నవాడు, ఇక్కడే ఉండిపోయే రెసిడెన్సీ ఉన్నవాడు, సీనియర్. అంతవరకు తెలిస్తే చాలు.

మీ అక్క నీ మోకాళ్ల సంగతి అడగమంది. అడిగాను.

ఇట్లు,
ఆశీర్వాదం

*

మౌంట్ రాస్కిల్
27 మార్చి 2007

బావగారికి, అక్కకి, మీ ఇంటి అన్నం తింటున్న పిల్లవాడి తండ్రి వందనాలు.

మీరు చెప్పినట్టే షీనా చేత మళ్లీ చదివించాను. ఇరవై ఆరు నలభయ్యే. దానికి తోడు మొదటి జీతం స్లిప్పు నకలు కూడా ఎలియాస్ పంపాడు. ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం పెట్టి అంటించాను. మంచినీళ్లకి వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను. ఈ మధ్య నాకు దాహం ఎక్కువైంది.

కరుణాకర్ జీతం రాయనన్నారు. మీ పెద్దరికం నాకు తెలీదా బావగారూ. కొత్తవాడికే ఇరవై ఆరు నలభై అయితే నాలుగేళ్ల సీనియర్‌కి ముప్పైకి తక్కువ ఉండదని నేనూ శిరోమణీ లెక్కేసుకున్నాం. దిష్టి తగులుతుందని దాస్తున్నారు. దాచండి. నేనెవరికీ చెప్పను, డెయిరీ ఆయనకి తప్ప.

పక్కింటి కివీ ఆవిడ సంచీడు ఫీజోవా పళ్లు గోడ మీద పెట్టి పోయింది. పచ్చడి చేస్తే అచ్చం మన పచ్చి జామకాయ పచ్చడిలా ఉంది. ఆవిడకి ఒక గిన్నెలో ఇస్తే కళ్లు తుడుచుకుంటూ చాలా బాగుందని చెప్పింది. కారం తగ్గించి ఉండాల్సింది.

చలి మొదలైందట కదా అక్కడ. కరుణాకర్ తన పాత కోటు ఎలియాస్‌కి ఇచ్చాడని విని శిరోమణి కంట నీళ్లు పెట్టుకుంది. బావా బావమరుదులు ఒకే వ్యానులో పనికి పోవడం, ఒకే పళ్లెంలో తినడం, ఇంతకంటే ఏం కావాలి మనకి.

ఇల్లంతా నవ్వుతున్న
ఏసురాజు

*

క్రైస్ట్‌చర్చ్
11 ఏప్రిల్ 2007

ఏసురాజుకి,

ఆదివారం ఈస్టర్ భోజనాల దగ్గర మీ అక్క నీ ఉత్తరం పైకి చదివింది. నీ ఉత్తరాలు ఆవిడ పైకే చదువుతుంది, తమ్ముడి గొంతు వినపడుతుందట. "ముప్పైకి తక్కువ ఉండదు" అన్న ముక్క దగ్గర నేను కళ్లతో సైగ చేశాను, ఆవిడ చూసుకోలేదు.

కరుణాకర్ చేతిలో మాంసం ముక్క చేతిలోనే ఉంది. "మామయ్యకి రాయి నాన్నా. ఇరవై ఒకటిన్నర అని. మిగతా ఎనిమిదిన్నర దిష్టికి తీసేశారని రాయి" అన్నాడు.

అవును. ఇరవై ఒక డాలరు యాభై సెంట్లు. నాలుగేళ్ల క్రితం పట్టాల పక్క గడ్డి కోసే పనికి చేరి, సిగ్నల్ పని నేర్చుకుని, పరీక్షలు రాసి, ఇవాళ నీ కొడుక్కి నేర్పుతున్నవాడి జీతం అది. వాడు అడగలేదు, వాళ్లు పెంచలేదు.

నీ కొడుకు "బావా, నాకు నిజంగా తెలీదు" అన్నాడు.

"నీకెందుకు తెలుస్తుందిరా. నువ్వు పర్మిట్ దొరవి. నీ జీతం తగ్గకుండా గవర్నమెంటు కాపలా కాస్తోంది. నేను ఈ దేశంవాణ్ణి, నాకెవడు కాస్తాడు? ఆ పులుసు ఇటు జరుపు, దొరగారికి అందదు" అన్నాడు మావాడు.

ఆ తరవాత మాటల్లేవు. వ్యానులో ఇద్దరే. కొండల వైపు సిగ్నల్ చెడితే రెండు గంటల దారి. ఒకడు రోడ్డు చూస్తాడు, ఒకడు కిటికీ చూస్తాడు. నాకు భయం అది కాదు. ఒకడు పట్టాల మధ్య వంగి పనిచేస్తుంటే రెండోవాడు దూరంగా నిలబడి రైలు వస్తోందని కేకెయ్యాలి. ముప్పై నాలుగేళ్లు లైను మీద ఉన్నవాడివి, మాట్లాడుకోని వాళ్లు ఎట్లా కేకేసుకుంటారో నువ్వే ఆలోచించు.

నీ కొడుకుని వచ్చే నెలకి వేరే గది చూసుకోమన్నాను. మీ అక్క రెండు రోజులుగా నాతోనూ మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇట్లు,
ఆశీర్వాదం

*

మౌంట్ రాస్కిల్
17 ఏప్రిల్ 2007

బావగారి పాదాలకి,

మీ ఉత్తరం చదివి ఫ్రిజ్ మీద స్లిప్పు తీసేశాను.

ఒక సంగతి ఒప్పుకుంటాను, అక్కకి చదివి వినిపించకండి. ముప్పై అని రాసినప్పుడు నాకు అనుమానం ఉంది. మీరు జీతం రాయకుండా దాటేశారంటే తక్కువేనేమోనని మనసులో ఒక మూల తోచింది. తోచి కూడా రాశాను. రాస్తే ఎంతో తేలుతుంది కదా అనుకున్నాను. బిట్రగుంటలో మీరు ఫ్యాను కింద కూర్చుని జీతాల బిల్లులు రాసేవాళ్లు. నేను స్తంభం మీద నుంచి ఆ కిటికీ వైపే చూసేవాణ్ణి. ఇనుము కాలి అరచేతులు బొబ్బలెక్కిన రోజుల్లో మీ కుర్చీ చూస్తే కన్ను కుట్టేది. మీ పిల్లవాడు ముందు న్యూజీలాండ్ వచ్చాడు. మీరు ముందు వచ్చారు. ఒక్కసారి, ఒక్క విషయంలో నావాడు ముందున్నాడని తెలిసి నాకు ఒళ్లు తెలియలేదు.

ఇప్పుడు మంచి మాట వినండి. సమస్య తీరిపోయింది. నేనే తీర్చాను.

మన డిపార్టుమెంటులో జూనియర్ సీనియర్ని మించకూడదు, అది మర్యాద. అందుకని ఎలియాస్‌కి ఫోన్లో గట్టిగా చెప్పాను, నీ జీతం కూడా బావతో సమానంగా ఇరవై ఒకటిన్నర చెయ్యమని రాసి సంతకం పెట్టు అని. వాడు నసిగాడు. కుర్రవాడికి మొహమాటం ఉంటుందని మీ డిపో మేనేజరుకి నేనే ఒక ఉత్తరం రాశాను. ఇంగ్లీషు డెయిరీ ఆయన చెప్పాడు, చేతిరాత నాది. "అయ్యా, నా కొడుకు తన సీనియర్ కంటే ఎక్కువ తీసుకోవడం మా కుటుంబానికి మర్యాద కాదు. దయచేసి తగ్గించండి." ఇంతే. నిన్న పోస్టు చేశాను. షీనాకి ఇంకా చెప్పలేదు, ఈ వారం దానికి డ్యూటీలు ఎక్కువ.

పోస్టు డబ్బాలో ఉత్తరం పడిన చప్పుడు విన్నాక నా గుండె దూదిపింజ అయిపోయింది బావగారూ. ఇంక పిల్లలిద్దరూ సమానం. వాణ్ణి ఇంట్లోనే ఉండనివ్వండి. కిటికీ వైపు మంచం కరుణాకర్‌కి ఇచ్చెయ్యమని కూడా చెప్పాను.

తేలికపడ్డ మనసుతో,
ఏసురాజు

*

క్రైస్ట్‌చర్చ్
27 ఏప్రిల్ 2007

ఏసురాజుకి,

నువ్వు చేసిన పని నీకు తెలుసా? నీ మొదటి ఉత్తరం నా దగ్గరే ఉంది. "తగ్గిస్తే పర్మిట్ నిలవదట" అని నీ చేత్తోనే రాశావు. రాసి, నువ్వే తగ్గించమన్నావు.

సోమవారం మేనేజరు నీ కొడుకుని పిలిచి, మీ నాన్న ఇట్లా రాశాడు, నీకూ ఇదే ఇష్టమైతే ఒక కాగితం మీద రాసియ్యి, పైవాళ్లని అడుగుతాను అన్నాడట. వాడు ఇంటికొచ్చి నా ముందు నిలబడ్డాడు. "మామయ్యా, మీరు జీవితమంతా జీతాల కాగితాలు చూసినవారు. నాన్న ఆజ్ఞ. సంతకం పెట్టనా?"

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టంగా ఉంది. పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే, "మీ నాన్న మాట విను బాబూ" అన్నాను. ఆ మాట అని, పడక్కుర్చీలో కూర్చుని టీవీ చూశాను. ఏం చూశానో గుర్తు లేదు. వాడు వెళ్లిపోతే మావాడి ఇరవై ఒకటిన్నర ఎవరికీ తక్కువ కనపడదు అనుకున్నాను. నీ అక్క కడుపున పుట్టకపోయినా అంతటివాడే వాడు. ఆ పూట నేను అది మరిచిపోయాను.

మర్నాడు వ్యానులో కరుణాకర్ వాడి చేతిలో కాగితం చూశాడట. రోడ్డు పక్కన బండి ఆపి, పదిహేను రోజుల తరవాత మొదటి మాట, "నీ పర్మిట్ తియ్యి" అన్నాడట. రెండూ పక్కపక్కన పెట్టి చదివి, "ఒరే, దీని కింద సంతకం పెడితే నువ్వు ఊరికి పోతావు. నాకొచ్చేది అదే ఇరవై ఒకటిన్నర. మధ్యలో నాకేంట్రా లాభం?" అని కాగితం నాలుగు ముక్కలు చేశాడట. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా అడిగాడు.

"నాన్నా, నీకు తెలీదా ఇది?"

"తెలుసు" అన్నాను.

ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఏసురాజూ, స్తంభం మీద ఉన్నవాడివి కాబట్టి నీకు తెలియదు. మన డిపార్టుమెంటులో జూనియర్‌కి ఎక్కువ పడితే జూనియర్‌ది కోసేవాళ్లం కాదు. సీనియర్ అర్జీ పెట్టుకుంటే వాడిది పైకి జరిపేవాళ్లం. అలాంటి అర్జీలు నేను కొన్ని వందలు రాశాను. సొంత కొడుక్కి రాయాలని ఇన్నాళ్లూ తోచలేదు, నీ కొడుకుని చూసి ఏడవడానికే పొద్దు చాలింది.

ఆ రోజే కరుణాకర్ పేరు మీద రాశాను. ఒక్క పేజీ. "ఈ పనికి ఈ దేశస్థుడికి మేమిచ్చే రేటు గంటకి ఇరవై ఆరు నలభై అని పర్మిట్ కోసం మీరే ప్రభుత్వానికి రాసిచ్చారు. నేను ఈ దేశస్థుణ్ణి. చేస్తున్నది ఆ పనే. నాకు ఆ రేటు ఎందుకు లేదు?" జతగా ఎలియాస్ పర్మిట్ నకలు ఉండాలి. కరుణాకర్ ఒప్పుకోలేదు. "వీడి కాగితం చూపించి నేను అడుక్కోవాలా? నామోషీ" అన్నాడు. నీ కొడుకు తనే నకలు తీయించి, పిన్ను కొట్టి, మావాడి టిఫిన్ డబ్బా కింద పెట్టాడు. డబ్బా తీసుకుంటూ అదీ తీసుకుపోయాడు.

నిన్న మేనేజరుకి ఇచ్చాడు. జవాబు లేదు. మేనేజరు మొహం బాగాలేదట. వచ్చే ఏడాది నీ కొడుకు పర్మిట్ పొడిగించమని రాయవలసింది కూడా ఆ మేనేజరే. ఇద్దరి పనీ ఇప్పుడు ఆ ఒక్క కాగితం మీద ఉంది.

గది వెతకొద్దని వాడికి చెప్పాను. నీకు ముఖం చూపించలేక రాతలో చెబుతున్నాను.

ఆశీర్వాదం

*

మౌంట్ రాస్కిల్
1 మే 2007

బావగారికి,

షీనా నన్ను తిట్టింది. దానికి చిన్నప్పుడు కూడా నేను అంత గట్టిగా చెప్పలేదు ఏ విషయమూ. మేనేజరుకి తనే ఫోన్ చేసి, మా నాన్న పెద్దవాడు, ఆ ఉత్తరం లెక్కలోకి తీసుకోకండి అని చెప్పింది. ఆయన నవ్వాడట. ఏ రకం నవ్వో ఫోన్లో తెలియలేదంది.

టీవీ ముందు కూర్చున్న ఆ సాయంత్రం సంగతి మీరు రాయకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నా ముప్పై సంగతి నేను రాయకపోతే మీకూ తెలిసేది కాదు. చెల్లుకు చెల్లు. కరుణాకర్‌ని నా తరఫున ముద్దు పెట్టుకోమని అక్కకి చెప్పండి, వాడు తప్పించుకున్నా సరే.

భోజనం సహించడం లేదు. జవాబు వచ్చిన పూటే రాయండి.

ఏసురాజు

*

క్రైస్ట్‌చర్చ్
25 మే 2007

ప్రియమైన బావమరిది ఏసురాజుకి, చెల్లెలు శిరోమణికి, ఆశీర్వాదం, నాగమణి ఆశీస్సులు.

వచ్చింది. పైవాళ్లు ఒప్పుకున్నారు. రెండు రేట్లు చూపించుకుంటే రేపు పర్మిట్ మీద ఇంకెవరినీ తెచ్చుకోలేమని వాళ్లకే భయం పట్టుకుందట. కరుణాకర్ జీతం గంటకి ఇరవై ఆరు డాలర్ల తొంభై సెంట్లు.

నలభై కాదు, తొంభై. సీనియారిటీకి యాభై సెంట్లు వేరే ఇచ్చారు. అంటే నీ కొడుకు కంటే యాభై సెంట్లు ఎక్కువ. స్లిప్పు నకలు ఇందులో పెడుతున్నాను, షీనా చేత చదివించుకో. చర్చిలో చెప్పాను, మాంసం కొట్టువాడికి చెప్పాను, పక్కింటి ముసలాయనకి వినపడదు, రాసి చూపించాను. ఇరవై ఆరు తొంభై.

వ్యానులో ఇప్పుడు ఇద్దరికీ రేడియో దగ్గర తగాదా. ఒకడికి క్రికెట్, ఒకడికి పాటలు. గోల ఎక్కువైందని మేనేజరే ఫిర్యాదు చేశాడు. పట్టాల మీద మావాడి కేక అర మైలు వినపడుతుందని నీ కొడుకు చెప్పాడు. ఎలియాస్ పర్మిట్‌కి ఏ ఢోకా లేదు. నీకు ఆ దిగులు వద్దు.

యాభై సెంట్లు సంగతి రాశాను కదా.

మీ శ్రేయోభిలాషి,
ఆశీర్వాదం

*

మౌంట్ రాస్కిల్
2 జూన్ 2007

బావగారికి, అక్కకి, కరుణాకర్‌కి, ఎలియాస్‌కి, మీ ఇంట్లో ఉన్న అందరికీ వందనాలు, దీవెనలు.

మీ ఉత్తరం అందిన పూటే శిరోమణి సేమ్యా పాయసం చేసింది. షీనా ఆస్పత్రికి ఒక డబ్బా పట్టుకుపోయింది. నేను రెండు గిన్నెలు తాగాను. నా పిల్లవాడి పర్మిట్ నిలిచింది, నా మేనల్లుడికి న్యాయం జరిగింది, ఇంతకంటే ఈ ముసలివాడికి ఏం కావాలని మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేశాను. లేవడానికి కుర్చీ కావాల్సి వచ్చింది.

జవాబు మాత్రం నాలుగు రోజులు ఆలస్యం చేశాను. పోస్టాఫీసు తప్పు కాదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆ యాభై సెంట్ల దగ్గర పెన్ను ఆగిపోయింది. సీనియర్ కదా, ఉండాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. శిరోమణి నా మొహం చూసి, "పాయసంలో చక్కెర తగ్గిందా?" అంది. తగ్గలేదన్నాను.

మీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను. మార్చి వస్తే ఎలియాస్‌కి అక్కడ ఏడాది నిండుతుంది. ఏడాది నిండినవాడికి జీతం పెంచమని అర్జీ ఎట్లా రాయాలో మీకంటే తెలిసినవాళ్లు ఈ దేశంలో లేరు. ఒక నమూనా మీ చేత్తో రాసి నాకు పంపండి. కరుణాకర్‌కి చూపించకండి.

మీ మీదే భారం వేసిన
ఏసురాజు